లెక్కలు రాసే మనిషి కావాలా, ఆడిటర్ కావాలా? చిన్న వ్యాపారం చేసే రైతులకు సూచనలు



చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సేద్యం ఒక్కదాని మీదే బతికే కుటుంబాలు తగ్గిపోతున్నాయి. పాల సేకరణ కేంద్రం నడిపేవారున్నారు. బెల్లం ప్యాకెట్లు కట్టి దుకాణాలకు వేసేవారున్నారు. మామిడి తాండ్ర, ఊరగాయలు చేసే మహిళా సంఘాలున్నాయి. ఎరువులు, విత్తనాలు తెచ్చి సభ్యులకు అమ్మే రైతు ఉత్పత్తిదారుల కంపెనీలున్నాయి. ఇవన్నీ సేద్యానికి తోడు వ్యాపారాలే. సమావేశాల్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, లెక్కలకు మనిషిని పెట్టుకోమంటారా, ఆడిటర్ దగ్గరికి పొమ్మంటారా?"

క్లుప్తంగా చెప్తాను. రోజూ జరిగేది రాయడానికి లెక్కలు రాసే మనిషి కావాలి. రాసింది సరిచూడటానికి, చట్టం అడిగిన చోట సంతకం పెట్టడానికి, పెద్ద నిర్ణయానికి ముందు సలహా చెప్పడానికి ఆడిటర్ కావాలి. ఒకరి పని మరొకరితో జరగదు. మీ వ్యాపారం ఏ స్థాయిలో ఉందో చూసుకుంటే ఎవరు ఎంత అవసరమో తేలిపోతుంది.

ఇద్దరి పనికీ తేడా

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యే వరకు ఊళ్లో కరణం ఉండేవాడు. ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉందో, ఎవరు ఎంత శిస్తు కట్టారో ఆయనే రాసేవాడు. ఏడాదికోసారి జమాబందిలో పై అధికారి కూర్చుని ఆ లెక్కలు తిరగేసి సరిచూసేవాడు. రాసేవాడు వేరు, చూసేవాడు వేరు. ఇక్కడా అంతే.

లెక్కలు రాసే మనిషిని కొందరు గుమాస్తా అంటారు, కొందరు బుక్ కీపర్ అంటారు. ఈ మాట మన అక్కచెల్లెళ్లకు కొత్త కాదు. 2000లో వెలుగు ప్రాజెక్టు మొదలైన తొలి జిల్లాల్లో మన పాత చిత్తూరు ఒకటి. అప్పటి నుంచి పొదుపు సంఘాల పుస్తకాలు ఊళ్లోని మనిషే రాస్తూ వస్తున్నారు. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ఏ రోజుకారోజు చిట్టాలో రాయడం, ఎవరి పేరున ఎంత బాకీ ఉందో ఆవర్జాలో చూపడం, రశీదులు వరుసగా పెట్టడం, బ్యాంకు పాసుపుస్తకంతో సరిపోల్చడం ఆ మనిషి పని.

ఆడిటర్ అని మనం పిలిచేది చార్టర్డ్ అకౌంటెంటును. 1949 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థలో పరీక్షలు పాసై, సభ్యత్వం తీసుకున్నవారే చార్టర్డ్ అకౌంటెంట్లు. ఆడిట్ నివేదిక మీద సంతకం పెట్టే అధికారం వారిది. లాభనష్టాల పట్టీ, ఆస్తి అప్పుల పట్టీ సరిగ్గా ఉన్నాయో లేదో వారు తేలుస్తారు.

వీరిద్దరి మధ్య ఇంకొకరున్నారు. మన పట్టణాల్లో పన్ను రిటర్నులు వేసే కన్సల్టెంట్లందరినీ జనం ఆడిటర్ అనే పిలుస్తారు. జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేయడానికి వారు పనికొస్తారు. కంపెనీ ఆడిట్ నివేదిక మీద మాత్రం వారి సంతకం చెల్లదు. పని అప్పగించే ముందే "మీరు సీఏనా?" అని అడిగేయండి. అడగడంలో తప్పు లేదు.

రెండు సంఘాల అనుభవం

నేను పనిచేసిన ఒక మండలంలో 320 మంది రైతులు తలా 1,000 రూపాయలు వేసుకుని కంపెనీ పెట్టుకున్నారు. 3,20,000 రూపాయల వాటా ధనం పోగైంది. పథకం కింద ఒక కుర్రవాడు అకౌంటెంటుగా వచ్చాడు. మంచివాడు, పుస్తకాలు కళ్లకద్దుకునేలా రాశాడు. డైరెక్టర్లు మాత్రం "అకౌంటెంట్ ఉన్నాడు కదా, అన్నీ ఆయనే చూసుకుంటాడు" అనుకున్నారు. ఆడిటర్ చేత ఆడిట్ చేయించలేదు. సర్వసభ్య సమావేశం పెట్టలేదు. ఎరువుల దుకాణానికి అప్పు కోసం బ్యాంకుకు పోతే మేనేజరు ఆడిట్ అయిన ఖాతాలు అడిగాడు. అప్పుడు తెలిసింది. కంపెనీల రిజిస్ట్రారుకు ఇవ్వాల్సిన రెండు పత్రాల్లో ఒకటి 440 రోజులు, ఇంకొకటి 410 రోజులు ఆలస్యమయ్యాయి. 2018 జూలై నుంచి ఈ పత్రాలకు రోజుకు 100 రూపాయలు ఆలస్య రుసుము. మొత్తం 85,000 రూపాయలు కట్టారు. రైతులు వేసుకున్న వాటా ధనంలో నాలుగో వంతుకు మించి పోయింది.

రెండోది బెల్లం ప్యాకెట్లు కట్టే మహిళా సంఘం. వీళ్లు ఆడిటర్‌ను పెట్టుకున్నారు, ఫీజు కూడా వేళకు ఇచ్చారు. రోజువారీ రాసే మనిషి మాత్రం లేదు. "ఏడాది చివర ఆడిటర్ రాస్తాడులే" అనుకున్నారు. గానుగల దగ్గర బెల్లం కొన్నప్పుడు చాలాసార్లు చేతి డబ్బు ఇచ్చారు, చీటీ తీసుకోలేదు. ఏడాది చివర అట్టపెట్టెలో ఉన్న చీటీలు, బ్యాంకు పుస్తకం ఆడిటర్ ముందు పెట్టారు. అమ్మకం 11,00,000. చీటీలున్న కొనుగోళ్లు 7,80,000. ఇతర ఖర్చులు 1,30,000. కాగితం మీద 1,90,000 లాభం తేలింది. చేతిలో, బ్యాంకులో కలిపి ఉన్నది 35,000. సరుకు నిల్వ లేదు, రావాల్సిన బాకీలూ లేవు. మిగిలిన 1,55,000 ఏమైందని సభ్యులు నాయకురాలిని నిలదీశారు. ఆమె ఒక్క రూపాయి తిన్నది లేదు. చూపించడానికి ఒక్క కాగితమూ లేదు. ఆ ఏడాదితో సంఘం చెదిరిపోయింది. ఆమె ఇప్పటికీ ఊళ్లో తల దించుకునే నడుస్తుంది.

మొదటి చోట రాసేవాడున్నాడు, సరిచూసేవాడు లేడు. రెండో చోట సరిచూసేవాడున్నాడు, రాసేవాడు లేడు. రెండు చోట్లా పోయింది రైతుల డబ్బే.

పథకంలో ఉన్న "అకౌంటెంట్" ఆడిటర్ కాదు

2020 ఫిబ్రవరి 29న కేంద్రం ప్రారంభించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో ఒక్కో సంఘానికి మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. అందులో మేనేజరుకు నెలకు 25,000 వరకు, అకౌంటెంటుకు నెలకు 10,000 వరకు జీతం ఇవ్వవచ్చు. పేరుకు అకౌంటెంట్ అన్నా ఆ జీతంతో వచ్చే మనిషి చేసేది పుస్తకాలు రాసే పనే. ఆయన కంపెనీ ఉద్యోగి కాబట్టి ఆ కంపెనీకి ఆడిటర్‌గా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. అదే విధంగా మీ కంపెనీకి ఆడిట్ చేసే చార్టర్డ్ అకౌంటెంట్ మీ పుస్తకాలు రాయడానికి కూడా వీల్లేదు. తను రాసింది తనే సరిచూస్తే ఆ సరిచూడటానికి విలువేముంటుంది?

మూడేళ్ల తర్వాత ఈ జీతం సాయం ఆగిపోతుంది. నాలుగో ఏడాది నుంచి ఆ మనిషి జీతం వ్యాపారం మీదే రావాలి. ఆ సంగతి మొదటి ఏడాది నుంచే మనసులో పెట్టుకోండి.

మీకు ఎవరు కావాలి?

*1. ఒంటరి రైతు, నాలుగైదు ఆవులు, కాస్త తోట*

మీకు జీతం ఇచ్చి మనిషిని పెట్టుకునే అవసరం లేదు. ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, వివరం, వచ్చింది, పోయింది, మిగిలింది అని అయిదు గళ్లు గీయండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ల చేత రాయించండి. పాల చీటీలు, దాణా బిల్లులు, పశువైద్యుడి ఖర్చు, తూకం చీటీలు నెలవారీగా కవర్లో పెట్టండి.

తూకం చీటీ విలువ 2025 మామిడి సీజన్‌లో అందరమూ చూశాం. తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. 6 టన్నులు తోలిన రైతుకు ప్రభుత్వం నుంచి రావాల్సింది 24,000. ఖాతాలో తక్కువ పడితే ఎక్కడ తప్పిందో అడగడానికి చేతిలో చీటీలుండాలి. దానికి ఆడిటర్ అక్కర్లేదు, కవరు చాలు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ పొలంలో పండిన పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. పాల ఆదాయం ఆ లెక్కలోకి రాదు, అది వ్యాపార ఆదాయం. ఆవులు పెరిగి రాబడి బాగా ఉంటే ఏడాదికోసారి ఆడిటర్‌నో, మంచి కన్సల్టెంట్‌నో కలిసి రిటర్ను వేయాలో లేదో అడగండి.

*2. పది పదిహేను మంది సంఘం: బెల్లం, ఊరగాయ, పాల సేకరణ*

ఇక్కడ ముందు కావాల్సింది లెక్కలు రాసే మనిషి. రోజంతా అక్కర్లేదు. వారానికి రెండు రోజులు వచ్చి రాసినా జరుగుతుంది. రోజూ నగదు చేతులు మారే పాల కేంద్రమైతే మాత్రం ఏ రోజు లెక్క ఆ రోజే రాయాలి. ఊళ్లో బీకాం చదివిన అమ్మాయో అబ్బాయో దొరుకుతారు.

ఆడిటర్ దగ్గరికి రెండుసార్లు వెళ్తే సరిపోతుంది. వ్యాపారం మొదలుపెట్టే ముందు సలహా కోసం ఒకసారి, మార్చి నెల దాటాక లెక్క తేల్చడానికి ఒకసారి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘమైతే ఏటా ఆడిట్ తప్పనిసరి.

*3. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ*

ఇక్కడ ఏది కావాలన్న ప్రశ్నే లేదు, ఇద్దరూ కావాలి. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా కంపెనీ ఖాతాలు ఏటా ఆడిట్ కావాల్సిందే. దీనికి తోడు ఉత్పత్తిదారుల కంపెనీలు అంతర్గత ఆడిట్ కూడా చార్టర్డ్ అకౌంటెంటు చేతనే చేయించాలి. మొదటి సర్వసభ్య సమావేశం రిజిస్ట్రేషన్ అయిన 90 రోజుల్లోపు జరపాలి. వరుసగా మూడేళ్లు ఖాతాల పత్రాలు దాఖలు చేయకపోతే ఆ కంపెనీ డైరెక్టర్లు అయిదేళ్లపాటు అనర్హులవుతారు. ఊళ్లో పెద్దమనిషి అని డైరెక్టరుగా పేరు రాయించుకున్న రైతులు ఈ మాట బాగా వినాలి.

మరో లాభమూ ఉంది. ఆ పథకంలోనే సభ్యుల వాటా ధనానికి సమానంగా, సభ్యుడికి 2,000 రూపాయలు మించకుండా, కంపెనీకి 15 లక్షల వరకు గ్రాంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఎవరు ఎంత వేశారన్నది పుస్తకాల్లో స్పష్టంగా లేకపోతే ఆ గ్రాంటు అడగడానికి మీకు ఆధారమే ఉండదు.

ముందే ఆడిటర్‌ను అడగాల్సిన సందర్భాలు

కొన్ని తప్పులు జరిగాక ఆడిటర్ కూడా ఏమీ చేయలేడు. ఈ పనులకు ముందు ఒక గంట ఆయన దగ్గర కూర్చోండి.

- రాష్ట్రం దాటి అమ్మేటప్పుడు: మనకు వేలూరు, చెన్నై, బెంగళూరు దగ్గర. సొంత పంట అమ్ముకునే రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సంఘమో కంపెనీయో సరుకు కొని అమ్మితే ఆ మినహాయింపు లేదు. మన రాష్ట్రంలోనే సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేవరకు రిజిస్ట్రేషన్ అవసరం రాదు. పన్ను ఉన్న సరుకును పక్క రాష్ట్రానికి అమ్మితే మాత్రం మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. వేలూరు దుకాణదారుడు ఆర్డరు ఇచ్చాడని ఆటోలో సరుకు ఎక్కించే ముందు ఈ సంగతి చూసుకోండి.

- ప్యాకెట్ కట్టి లేబుల్ వేసేటప్పుడు: విడిగా అమ్మే బెల్లానికి జీఎస్టీ లేదు. అదే బెల్లాన్ని ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 2022 జూలై 18 నుంచి 5 శాతం పన్ను పరిధిలోకి వచ్చింది. ధర కట్టేటప్పుడు ఈ పన్ను కలుపుకోకపోతే మీ లాభంలోంచి పోతుంది. పన్ను రేట్లు మారుతుంటాయి కాబట్టి లేబుల్ అచ్చు వేయించే ముందే అడగండి.

- పెద్ద మొత్తం నగదు తీసుకునేటప్పుడు: ఒక మనిషి నుంచి ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ప్రకారం తప్పు. అప్పుగా అయితే 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోకూడదు. బ్యాంకు ద్వారానే నడపండి.

- బ్యాంకు అప్పు, సబ్సిడీ దరఖాస్తు పెట్టేటప్పుడు: ప్రాజెక్టు నివేదికలో అంకెలు మీ పుస్తకాలకు సరిపోవాలి. అప్పు రావడానికని పెంచి రాయిస్తే రేపు ఆ అంకెలకే పన్ను, ఆ అప్పుకే కిస్తీ.

లెక్కల మనిషిని పెట్టుకునేటప్పుడు

1. పనిలో పెట్టుకునే ముందు మీ ఒక నెల చీటీలన్నీ ఇచ్చి రాయించి చూడండి. పదో తేదీన చేతిలో ఎంత ఉండాలో చెప్పమనండి. చెప్పగలిగితే చాలు, డిగ్రీ తర్వాత చూడొచ్చు.
2. రాసే మనిషి చేతికే డబ్బు పెట్టె ఇవ్వకండి. రాసేది ఒకరు, డబ్బు ఉంచేది ఇంకొకరు, చెక్కు మీద సంతకాలు ఇద్దరివి. ఇది అనుమానంతో చేసేది కాదు. ఆ మనిషికి రేపు మాట రాకుండా కాపాడేది కూడా ఇదే.
3. చీటీ లేని ఖర్చుకు అవతలి మనిషి చేత ఓచరు మీద సంతకమో, వేలిముద్రో తీసుకోండి. కూలి, బండి బాడుగ, గానుగ దగ్గర కొనుగోలు ఇలాంటివే.
4. కంప్యూటర్లో రాసినా నెలకోసారి అచ్చు తీసి ఫైల్లో పెట్టండి. కంపెనీ అయితే పుస్తకాలు 8 ఏళ్లు భద్రపరచాలి.

ఆడిటర్‌ను ఎంచుకునేటప్పుడు

1. సభ్యత్వ సంఖ్య అడగండి. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం పెట్టిన ఆడిట్ నివేదిక, సర్టిఫికెట్ల మీద 18 అంకెలు, అక్షరాలు కలిసిన యూడీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. 2019 నుంచి ఇది తప్పనిసరి. వారి సంస్థ వెబ్‌సైట్లో ఆ సంఖ్య కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. ఫోను వాడే పిల్లలు రెండు నిమిషాల్లో చూసి చెప్తారు.
2. ఏయే పనులు చేస్తారో, ఎంత ఫీజో కాగితం మీద రాయించుకోండి. ఆడిట్, ఆదాయపు పన్ను, జీఎస్టీ, కంపెనీ పత్రాలు ఇవి నాలుగు వేర్వేరు పనులు. "అన్నీ చూసుకుంటా" అన్న మాట మీద వదిలేయకండి.
3. ప్రభుత్వ వెబ్‌సైట్లలో మీ వ్యాపారం పేరున ఇచ్చే ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఉండాలి. ఒక సంఘం కన్సల్టెంట్ నంబరు ఇచ్చింది. ఆయన ఊరు మారాక వచ్చిన నోటీసులు నెలల తరబడి ఎవరికీ తెలియలేదు.
4. డైరెక్టరు డిజిటల్ సంతకం ఉన్న చిన్న పరికరం మీ దగ్గరే ఉంచుకోండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికైనా ఇస్తామా? ఇదీ అలాంటిదే.
5. దాఖలు చేసిన ప్రతి పత్రానికి రశీదు అడిగి ఫైల్లో పెట్టండి.

మీరు చేయాల్సిన పని మీదే

మంచి లెక్కల మనిషి, మంచి ఆడిటర్ ఇద్దరూ ఉన్నా పుస్తకం తెరిచి చూడాల్సింది మీరే. వారానికి అరగంట చాలు. పెట్టెలో డబ్బు లెక్కపెట్టి చిట్టాలో ఉన్న నిల్వతో సరిపోల్చండి. నెలకోసారి సభ్యులందరి ముందు మూడు సంగతులు గట్టిగా చదివించండి: మనకు రావాల్సింది ఎంత, మనం ఇవ్వాల్సింది ఎంత, చేతిలో, బ్యాంకులో ఉన్నది ఎంత. చదువు రాని సభ్యులకు కూడా ఈ మూడూ అర్థమవుతాయి. ఆ బెల్లం సంఘంలో నెలనెలా ఇది జరిగి ఉంటే తేడా మొదటి నెలలోనే 10,000 దగ్గర బయటపడేది. ఓచర్లు రాయించుకునేవారు, ఆ తల్లికి ఆ మాట వచ్చేది కాదు.

ఇప్పటివరకు ఏమీ రాయనివారు పాత లెక్క తేలలేదని ఆగకండి. ఈ రోజు చేతిలో ఉన్న డబ్బు, బ్యాంకులో ఉన్న డబ్బు, సరుకు నిల్వ, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన అప్పులు ఒక పేజీలో రాసి ఇద్దరు సభ్యుల చేత సంతకం చేయించండి. రేపటి నుంచి దాని కింద రాసుకుంటూ పోండి. పాత లెక్క సంగతి ఆడిటర్‌తో కూర్చుని తర్వాత తేల్చుకోవచ్చు.

పుస్తకం గళ్లు ఎలా గీయాలో, ఓచరు నమూనా ఎలా ఉండాలో తెలియకపోతే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ, మండల వ్యవసాయ అధికారిని గానీ అడగండి. పొదుపు సంఘాల పుస్తకాలు రాసే అక్కచెల్లెళ్లను అడిగినా నేర్పుతారు. వాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న పని అదే.